కరెంటు తీగెపై కబురు

మిరపతోటకు తడి పెట్టవలసిన రైతు రాత్రివేళ నిశ్చింతగా నిద్రపోడు. కన్ను మూసినను చెవి మేలుకొనియే యుండును. చిలకలూరిపేట, మార్టూరు, ప్రత్తిపాడు ప్రాంతములలో బోరు గల ఏ రైతునడిగినను ఈ మాట చెప్పును. ఇంటిలో బల్బు వెలుగుచున్నంత మాత్రమున పొలములో మోటారుకు కరెంటు వచ్చినదని అనుకొనుటకు వీలు లేదు. ఇంటి దీపమునకు ఒక ఫేజు చాలును. మోటారు తిరుగుటకు మూడు ఫేజులును రావలెను. అందుచేత బోరు దగ్గర స్టార్టరు పెట్టెపై ఎరుపు, పసుపు, నీలము రంగుల చిన్న దీపములు మూడు అమర్చుకొందురు. ఆ మూడును వెలిగిన నాడు త్రీఫేజు వచ్చినట్లు. ఒకటి ఆరినచో మోటారు జోలికి పోరాదు. పోయినచో చుట్ట కాలిపోవును.

ఆ మూడు దీపములను చూచుటకు రైతు గట్టు వెంబడి చీకటిలో నడచిపోవలెను. పాములున్నవి, తేళ్ళున్నవి, తడి నేలలో తెగిపడిన తీగెలున్నవి. దీపము అక్కడ వెలుగుచున్నది. తెలిసికొనవలసిన మనిషి ఇక్కడ ఉన్నాడు. ఈ రెంటి నడుమ ఉన్న దూరమే నేటి మా ప్రసంగమునకు విషయము. స్విచ్చికి ఆజ్ఞ యిచ్చుట మానవుడు త్వరలోనే నేర్చుకొన్నాడు. స్విచ్చి చేత “వెలిగితిని”, “ఆరితిని” అని చెప్పించుకొనుటకు మాత్రము చాలకాలము పట్టినది. అది కూడ వేరే తీగె లేకుండ, కరెంటు వచ్చు తీగె మీదనే చెప్పించుకొనుట చిత్రమైన కథ. ఆ కథ కొంత స్కాట్లండులోను, కొంత అమెరికాలోను, కొంత మన గుంటూరు సీమ సబ్‌స్టేషన్లలోను నడచినది.

కబురు రెండు విధములు. దండోరా ఒక విధము. తలారి డప్పు కొట్టి, రేపు కాలువకు నీరు వదలుదురని కేకవేసి పోవును. విన్నవాడు విన్నాడు, విననివాడు వినలేదు. ఎవరు విన్నారో తలారికి తెలియదు. రసీదు తపాలా రెండవ విధము. రిజిస్టరు ఉత్తరమునకు జతపరచిన చిన్న కార్డుపై అందుకొన్నవారు సంతకము చేయగా, అది తిరిగి పంపినవారి చేతికి వచ్చెడిది. కోర్టు వ్యవహారములు నడపిన మన పల్నాటి పెద్దలకు ఆ కార్డు విలువ ఎవరును చెప్పనక్కరలేదు. ఉత్తరము పంపితినని చెప్పుట వేరు, ఉత్తరము అందినదని రుజువు చూపుట వేరు. దీపముల స్విచ్చిల చరిత్ర యంతయు దండోరా నుండి రసీదు వరకు సాగిన ప్రయాణమే.

ఈ రసీదు విలువను మొదట గుర్తించినది రైలు వ్యవస్థ. ఒకే పట్టా గల మార్గములో ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండుటకు, ఈ స్టేషను మాస్టరు ఆ స్టేషను మాస్టరును అడిగి “లైను క్లియరు” పుచ్చుకొనవలెను. అడిగినంత మాత్రమున చాలదు, బదులు రావలెను. బదులు వచ్చినదనుటకు గుర్తుగా నీల్సు యంత్రము నుండి ఒక లోహపు బంతి బయటకు వచ్చెడిది. ఆ బంతి చేతిలో లేనిదే డ్రైవరు బండి కదలింపరాదు. ఒక బంతి బయటనున్నంత వరకు రెండు స్టేషన్లలోను మరియొక బంతి రాదు. ఇట్లు మార్గము యొక్క స్థితి ఒక వస్తువు రూపమున మనుష్యుని చేతికి అందినది. మన ప్రాంతపు సింగిల్ లైన్ స్టేషన్లలో ప్లాట్‌ఫారము చివర నిలబడి, వెదురు చట్రములో అమర్చిన ఆ తోలుసంచిని డ్రైవరు అందుకొనుట చూచినవారు ఇంకను ఉన్నారు.

“లైను క్లియరు” అను ఆ మాటయే తరువాత కరెంటు వారి వాడుకలోనికి కూడ వచ్చినది. స్తంభమెక్కబోవు లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషనులోని ఆపరేటరుకు ఫోను చేసి “ఎల్.సి.” అడుగును. ఆపరేటరు ఆ ఫీడరు స్విచ్చి తీసి, పుస్తకములో వేళ వ్రాసి, “ఇచ్చితిని” అని చెప్పును. అప్పుడు గాని లైన్‌మన్ తీగెపై చేయి వేయరాదు. ఈ ఎల్.సి. విషయము తిరిగి చెప్పవలసి యున్నది. మన కథ చివరకు అక్కడికే చేరును.

ముందు కరెంటు మన సీమకు విస్తరించిన తీరు కొంచెము చూతము. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడునాటికి మన పల్లెలలో దీపమనగా కిరసనాయిలు దీపమే. 1955 ఆగస్టులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు ప్రారంభించినారు. ఆ యేడే డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పండిత నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడినది. సాగరము కుడికాలువ పల్నాటి మీదుగా దిగువకు నీరు తెచ్చినది. సాగరము ఆనకట్ట వద్ద తొలి విద్యుద్యంత్రము 1978లో తిరిగినది. మరుసటి యేడు ఇబ్రహీంపట్నములోని విజయవాడ థర్మల్ కేంద్రము కరెంటు ఇచ్చుట మొదలిడినది. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకొన్న జిల్లాలోను, పాత గుంటూరు జిల్లాలోను పత్తి జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, మిరపకాయల శీతల గిడ్డంగులు ఈ కరెంటుపై ఆధారపడి పెరిగినవి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల వేరు జిల్లాలైనవి. తీగెలకు మాత్రము జిల్లా సరిహద్దులు లేవు.

దూరమున ఉత్పత్తియైన కరెంటును తెచ్చుటకు పెద్ద లైన్లు వేసినారు. లైను ఒక కొసన ఒక సబ్‌స్టేషను, మరియొక కొసన మరియొకటి. రెండు చోట్లనున్న మనుష్యులు మాటాడుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా, రెండు చోట్లనున్న స్విచ్చిలు ఒకదాని స్థితి మరియొకదానికి తెలుపవలెను. లైనుపై చెట్టు పడినను, పిడుగు పడినను రెండు కొసలును వెంటనే తెగవలెను. అడవులలో, కొండలలో వేరే టెలిఫోను తీగె వేసిన అది దొంగల పాలు, గాలివానల పాలు కావచ్చును. అప్పుడు ఇంజనీర్లకు తట్టినది ఇది: వేలకొలది వోల్టుల కరెంటును మోయుచున్న ఈ బలమైన తీగె ఒక చిన్న కబురును కూడ మోయలేదా?

ఈ ఆలోచనకు మూలపురుషులలో ఒకరు అమెరికా సైన్యాధికారి జార్జి ఓవెన్ స్క్వయరు. 1910లో ఆయన ఒకే టెలిఫోను తీగె మీద మామూలు సంభాషణతో పాటు, రేడియో తరంగమువంటి వేగమైన తరంగముపై వేరొక సంభాషణను ఎక్కించి, రెండును కలిసిపోకుండ అవతల వేరుచేసి చూపినాడు. దానికి “తీగెపై వైర్‌లెస్” అని విచిత్రమైన పేరు వచ్చినది. 1920 ప్రాంతమున ఈ పద్ధతిని విద్యుత్ సంస్థలు తమ పెద్ద లైన్ల మీద టెలిఫోనుగా వాడుకొనసాగినవి. స్క్వయరు ఊహ మరియొక దారి కూడ పట్టినది. కరెంటు తీగెల ద్వారానే ఇండ్లకు సంగీతము పంపవలెనని 1922లో ఒక కంపెనీ వెలిసినది. అదియే 1934లో “మ్యూజాక్” అను పేరు పొందినది. 1936లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వసతిగృహముల తీగెలను ఆధారము చేసికొని తమ చిన్న రేడియోను నడపినారు. కనుక రేడియోకును కరెంటు తీగెకును చుట్టరికము నేటిది కాదు.

ఒకే తీగెపై రెండు ఎట్లు ప్రయాణించును? మన జిన్నింగు మిల్లును తలచుకొన్నచో సులభముగా బోధపడును. పత్తిలో దూది, గింజ కలిసియే బండిపై వచ్చును; మిల్లులో యంత్రములు దూదిని ఇటు లాగును, గింజ అటు జారును. తీగెపై వచ్చు కరెంటు సెకనుకు 50 మారులు ఊగును. కబురును మోయు తరంగము సెకనుకు కొన్ని లక్షల మారులు ఊగును. మన దేశపు పెద్ద లైన్లపై ఇట్టి తరంగములు సాధారణముగా 50 నుండి 500 కిలోహెర్ట్జ్ నడుమ ఉండును. పాత శ్రోతలు దీనిని కిలోసైకిళ్ళనిన గుర్తింతురు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమై, తరువాతి కాలమున మీడియం వేవ్‌పై 837 కిలోహెర్ట్జ్‌లో వినిపించినది. అనగా సబ్‌స్టేషన్ల సంభాషణ మన రేడియో ముల్లు తిరుగు పలకకు కొంచెము క్రింది భాగమున జరుగుచుండునన్నమాట.

తాడికొండ సబ్‌స్టేషను ప్రక్కగా గాని, ఒంగోలు సబ్‌స్టేషను ప్రక్కగా గాని పోవువారు లోనికి వచ్చు లైన్ల వద్ద పైకి చూచినచో, పెద్ద డోలు వంటి తీగెచుట్ట ఒకటి వ్రేలాడుట గాని, స్తంభముపై కూర్చుండుట గాని కనబడవచ్చును. దానిని వేవ్ ట్రాప్ అందురు. 50 మారులు ఊగు కరెంటును అది అడ్డుకొనదు. లక్షల మారులు ఊగు కబురును లోనికి పోనీయదు. దాని ప్రక్కనే పింగాణీ చొక్కా తొడిగిన కెపాసిటరు నిలబడి యుండును. దాని స్వభావము తలక్రిందులు: కబురును దిగనిచ్చును, కరెంటును దిగనీయదు. ఒకటి గింజను, మరియొకటి దూదిని పట్టునట్లు ఈ రెండును కలిసి పని చేయును. కెపాసిటరు నుండి దిగిన కబురు గదిలోని యంత్రమునకు చేరును. అక్కడ టెలిఫోనులో మాటగాను, స్విచ్చికి ఆజ్ఞగాను మారును. ఇటీవల టవర్ల కొసన కట్టు భూరక్షణ తీగె లోపలనే గాజు నార పెట్టి, దాని ద్వారా ఈ పని చేయించుట హెచ్చినది. అయినను తీగెపై కబురు నేర్పిన పాఠము పోలేదు.

ఆ పాఠములలో ఒకటి మనకు ముఖ్యము. లైను చెడినప్పుడు అవతలి స్విచ్చిని తెంచుటకు ఇవతలి నుండి ఒక స్వరము పంపుదురు. లైను బాగుగా ఉన్నప్పుడు ఏమియు పంపకుండుట సహజమని మనకు తోచును. ఇంజనీర్లు అట్లు చేయలేదు. లైను బాగుగా ఉన్నంతసేపు “క్షేమము, క్షేమము” అనుచు ఒక కాపలా స్వరము ఎడతెగక పోవుచుండును. ప్రమాదము వచ్చినప్పుడు ఆ స్వరము మారి వేరొక స్వరము వినబడును. అది “తెంచుము” అను ఆజ్ఞ. రెండును వినబడనిచో కబురు దారియే చెడినదని గ్రహించి గంట మ్రోగును. నిశ్శబ్దమును క్షేమముగా భావింపరాదని వారు ఏర్పరచుకొన్న నియమమిది. ఈ నియమమును గుర్తుంచుకొని ఇప్పుడు ఇండ్లలోని చిన్న స్విచ్చిల వద్దకు పోదము.

సబ్‌స్టేషన్ల నుండి ఇండ్లకు మధ్య ఒక మజిలీ ఉన్నది. న్యూజిలాండు, ఫ్రాన్సు మొదలగు దేశములలో గత శతాబ్దపు నడిమి కాలమునుండి విద్యుత్ సంస్థలు కరెంటుపై కొన్ని వందల ఊపుల స్వరమును ఎక్కించి, వీధిదీపములను వెలిగించుట, ఇండ్లలో నీళ్ళు కాచు పాత్రలను రద్దీవేళ ఆపుట చేసినవి. ఫ్రాన్సులో ఆ స్వరము సెకనుకు 175 ఊపులు. ఇది అచ్చముగా దండోరా. పాత్రలు ఆజ్ఞను పాటించినవి. కాని ఒక్కటియు బదులు చెప్పలేదు. ఎన్ని ఆగినవో తెలియుటకు సంస్థవారు తమ మీటరు ముల్లు క్రిందికి దిగుట చూచుకొనవలసి వచ్చెడిది. ఊరంతటి లెక్క తెలిసెడిది. ఏ ఇల్లు ఆగినదో, ఏ ఇల్లు ఆగలేదో తెలిసెడిది కాదు.

ఇంటిలోని ఒక్కొక్క దీపమునకు పేరు పెట్టి పిలిచిన పద్ధతి 1975లో స్కాట్లండులోని గ్లెన్‌రాథెస్ పట్టణములో పుట్టినది. అక్కడ పికో ఎలక్ట్రానిక్స్ అను చిన్న సంస్థ లెక్కల యంత్రములకు చిప్పులు చేసెడిది. వారు ఒక్కొక్క పనికి ప్రయోగ సంఖ్య వేసికొనిరి. పదవ ప్రయోగము కరెంటు తీగెల మీదుగా ఇంటిలోని దీపములను దూరము నుండి నడపుట. అందుచే దానికి “ఎక్స్-10” అను పేరు నిలిచినది. 1978 నుండి అది అమెరికా దుకాణములలో అమ్మకమునకు వచ్చినది. గోడలు పగులగొట్టనక్కర లేదు, కొత్త తీగె లాగనక్కర లేదు. ఉన్న ప్లగ్గులో పెట్టె గుచ్చిన చాలును. మధ్యతరగతి ఇండ్లవారు దానిని ఇష్టపడుటకు కారణమిదియే.

దాని పని చూడుడు. మన ఇంటి కరెంటు సెకనుకు 50 మారులు ఊగునప్పుడు 100 మారులు సున్నను దాటును. ఆ సున్న దాటు క్షణమున తీగె కొంత ప్రశాంతముగా నుండును. పైగా పంపువానికి, వినువానికి ఇద్దరికిని అది ఒకే తాళము. ఆ క్షణమున ఎక్స్-10 పెట్టె సెకనులో వెయ్యవ వంతు కాలము 120 కిలోహెర్ట్జ్ తరంగమును తీగెపైకి వదలును. ముందు సగము ఊపులో తరంగము ఉండి, రెండవ సగములో లేకున్నచో అది “ఒకటి”. ముందు లేక, తరువాత ఉన్నచో అది “సున్న”. ఇట్లు ఒకట్లు, సున్నలు పేర్చి మొదట ఇంటి అక్షరము, తరువాత దీపము సంఖ్య, ఆపైన ఆజ్ఞ పలుకును. అక్షరములు 16, సంఖ్యలు 16. అనగా 256 పేర్లు. మూడు ఫేజులు సున్నను దాటు వేళలు వేరగుటచే ప్రతి పలుకును మూడు మారులు పలుకును. మాట పోవునేమోయను భయముచే మొత్తము వాక్యమును రెండు మారులు చెప్పును. ఇన్ని జాగ్రత్తలు తీసికొని “ఫలానా దీపమా, వెలుగుము” అని చెప్పుటకు మన కరెంటుపై ఇంచుమించు ఒక సెకను పట్టును.

అంతయు బాగున్నది, కాని వెలిగినదా? ఎక్స్-10 పదకోశములోని 16 ఆజ్ఞలలో మూడు స్థితికి సంబంధించినవి. ఒకటి “నీ స్థితి యేమి?” అను ప్రశ్న. రెండవది “వెలిగి యున్నాను”. మూడవది “ఆరి యున్నాను”. భాషలో మాటలు ఉన్నవి. కాని తొలినాటి స్విచ్చిలలో పెక్కింటికి నోరు లేదు. వినుటకు కావలసిన భాగములే వానిలో నుండెను. పలుకుటకు కావలసిన భాగములు చేర్చినచో వెల పెరుగును. అందుచే ఇంటి యజమాని మంచము మీదనుండి మీట నొక్కి, వసారా దీపము ఆరినదని నమ్మి నిద్రపోవును. వాస్తవమున తీగెపై ఏదో గోల పుట్టి ఆజ్ఞ చేరలేదు; దీపము తెల్లవార్లు వెలుగుచునే యుండును.

మరియొక చిక్కు. ఇంటిలో అవ్వ లేచి, గోడపైని స్విచ్చిని చేతితో నొక్కి దీపము వెలిగించినది. ఆమెకు ఎక్స్-10 తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. కాని లెక్క వ్రాసికొను యంత్రము ఆ దీపము ఆరియున్నదనియే తలచును. తాను చివరగా ఇచ్చిన ఆజ్ఞనే అది స్థితిగా వ్రాసికొన్నది. ఆజ్ఞ వేరు, స్థితి వేరు. పటేలు చావడిలో కూర్చుండి “చెరువు గండి పూడ్పించితిని” అని వ్రాసికొన్నంత మాత్రమున గండి పూడదు గదా.

ఈ లోపమును సరిచేయుటకు మూడు మార్గములు ఏర్పడినవి. ఒకటి, యంత్రము వరుసగా ఒక్కొక్క స్విచ్చిని పిలిచి స్థితి అడుగుట. బడిలో హాజరు పట్టీ పిలిచినట్లు. ఇది నమ్మకమైనదే కాని నిదానము. నలువది దీపములున్న ఇంటిలో తీగె యంతయు ఈ పిలుపులతోనే నిండిపోవును. రెండవది, స్థితి మారిన క్షణముననే స్విచ్చి తనంత తాను చెప్పుట. అవ్వ చేయి తగులగానే స్విచ్చి “వెలిగితిని” అనును. కాని రెండు స్విచ్చిలు ఒకేసారి పలికినచో, తిరునాళ్ళలో ఇద్దరు ఒక్కసారి కేకవేసినట్లు, ఒక్కరి మాటయు తెలియదు. కనుక పలుకుటకు ముందు తీగెను విని, ఖాళీగా ఉన్నచో పలికి, లేనిచో ఆగవలెను. మూడవది, ప్రతి ఆజ్ఞకును వెంటనే రసీదు పుచ్చుకొనుట. రసీదు రానిచో ఆజ్ఞను తిరిగి పంపుట. 2005లో వచ్చిన “ఇన్‌స్టియాన్” అను పద్ధతి ఈ మూడవ మార్గమును ప్రధానముగా పట్టినది. అందు ఇంటిలోని స్విచ్చిలన్నియు ఒకదాని మాటను మరియొకటి అందుకొని ఒకే క్షణమున తిరిగి పలుకును. పొలములో కూలీలు వరుసగా నిలిచి తట్టలు అందించుకొన్నట్లు మాట దూరము సాగును. కరెంటు తీగెతో పాటు రేడియో తరంగమును కూడ అది తోడు తెచ్చుకొన్నది.

అయినను కథ ముగియలేదు. 2022 ఏప్రిల్‌లో ఆ పద్ధతిని నడపిన సంస్థ హఠాత్తుగా మూతపడినది. దాని దూరపు కంప్యూటర్లు మూగవైనవి. వేల ఇండ్లలో గోడ స్విచ్చిలు చేతికి పలికినవి గాని, ఫోనులోని బొమ్మ దీపముల స్థితిని చూపలేకపోయినది. కొన్ని వారములకు వాడుకదారులే కొందరు పూనుకొని దానిని కొని, తిరిగి నిలిపినారు. తన వసారా దీపము వెలుగుచున్నదో లేదో తెలిసికొనుటకు కబురు మరియొక రాష్ట్రము చుట్టి రావలసిన ఏర్పాటు ఎంత బలహీనమో నాడు తేలినది. గుంటూరు సీమ నుండి అమెరికా పోయి స్థిరపడిన బిడ్డలు గల కుటుంబములు మనలో చాల ఉన్నవి. ఇట్టి స్విచ్చిలు గల ఇంట కొన్నాళ్ళుండి వచ్చిన తలిదండ్రులకు ఈ సంగతులు కొత్త కావు.

ఇక్కడ మా వృత్తి నుండి ఒక మాట చెప్పుట అప్రస్తుతము కాదు. మా స్టూడియో తలుపుపై ఎఱ్ఱ దీపము వెలిగినచో ప్రసారము జరుగుచున్నదని గుర్తు. కాని నిజమునకు అది చెప్పునది మేము మీట వేసితిమని మాత్రమే. మా మాట ప్రసారిణిని దాటి ఆకాశమునకు పోవుచున్నదో లేదో ఆ దీపమునకు తెలియదు. అందుచేతనే కంట్రోలు గదిలో ఒక రేడియో పెట్టె పెట్టుకొని, మా ప్రసారమును మేమే శ్రోతలవలె గాలి నుండి పట్టి విందుము. ఇంటి స్విచ్చి సంగతియు ఇంతే. “వెలిగితిని” అని స్విచ్చి చెప్పినప్పుడు, తన లోపలి మీట మూసికొన్నదని మాత్రమే అర్థము. బల్బు మాడిపోయి యున్నను అది “వెలిగితిని” అనియే చెప్పును. నిజమైన స్థితి తెలియవలెనన్నచో బల్బు గుండా పోవు కరెంటును కొలిచి చెప్పు స్విచ్చి కావలెను. స్థితిని తెలుపు ప్రతి దీపమును చూచి మనము అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఇది చెప్పుచున్నది దేనిని గురించి? మీటను గురించియా, ఫలితమును గురించియా?

మన మైదానములలో కరెంటు తీగెపై కబురు నడపుట సులభము కాదని కూడ చెప్పవలెను. ఇంటిలోని ఇన్వర్టరు, స్టెబిలైజరు, చౌక బల్బుల లోపలి చిన్న యంత్రములు ఆ వేగ తరంగమును కొంత మ్రింగును, కొంత గోలలో ముంచును. ఒక ఫేజుపై పలికిన మాట రెండవ ఫేజునకు సరిగా చేరదు. ట్రాన్స్‌ఫార్మరు దానిని అవతలికి పోనీయదు. అయినను ఇటలీలో 2001 మొదలు కొద్ది సంవత్సరములలో సుమారు 3 కోట్ల మీటర్లను ఈ తీగె కబురుతోనే విద్యుత్ సంస్థ లెక్క చూచుకొనగలిగినది. ప్రతి ట్రాన్స్‌ఫార్మరు వద్దను ఒక గుమాస్తా వంటి పెట్టెను నిలిపి, ఆ ట్రాన్స్‌ఫార్మరు క్రింది మీటర్ల మాటలను ఏరి, ఆపైన టెలిఫోను ద్వారా పంపుట అక్కడి యుక్తి.

మన రైతు మాత్రము తనకు దగ్గరి దారి పట్టినాడు. పూనాలో పుట్టిన “నానో గణేశ్” వంటి మొబైలు స్టార్టర్లు రైతు ఫోనుతో పలుకును. ఫోను చేసినచో కరెంటు ఉన్నదో లేదో, మోటారు తిరుగుచున్నదో లేదో చెప్పును. ఆపైన నడుపుమన్న నడుపును. ఇది కరెంటు తీగెపై కబురు కాదు, గాలిలో కబురు. కాని ప్రశ్న అదే, బదులు అదే. దీనికి పూర్వము మన రైతులు విరివిగా వాడిన ఆటోమాటిక్ స్టార్టరు దండోరా జాతికి చెందినది. కరెంటు రాగానే మోటారును అది తనంత తాను నడుపును; ఎవరికిని చెప్పదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న మోటార్లన్నియు ఒక్క క్షణమున లేచుటచే ఫ్యూజులు పోయిన రాత్రులు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలి మిరప తడి లేక వాడిన వారములు మన పల్లెలకు అనుభవమే. బోరులో నీరు లేక వట్టిగా తిరిగి మోటారు కాలినను ఆ స్టార్టరు మాటాడలేదు.

ఇప్పుడు ఎల్.సి. వద్దకు తిరిగి వత్తము. లైన్‌మన్ స్తంభము క్రింద నిలబడి ఫోను చేసినాడు. ఆపరేటరు “ఇచ్చితిని” అన్నాడు. ఈ మాటలో ఉన్నదంతయు ఒక ఆజ్ఞ నెరవేరినదను నమ్మకము. కాని ఆ స్తంభముపై రెండు ఫీడర్ల తీగెలు ఉండవచ్చును. తీసినది ఒకటి, ఎక్కినది మరియొకటి కావచ్చును. స్విచ్చి పిడి దిగినను లోపల ఒక బ్లేడు అంటుకొని యుండవచ్చును. అవతల ఎవరో జనరేటరు గాని, ఇన్వర్టరు గాని తప్పుగా కలుపుటచే తీగెలోనికి కరెంటు వెనుకకు రావచ్చును. స్తంభములపై ప్రాణములు పోగొట్టుకొన్న వారి వార్తలు మేము ఈ కేంద్రమునుండి ఎన్ని మారులు చదివితిమో లెక్క లేదు. ఒక్కొక్క మారు కుటుంబము పేరు కూడ వార్తలో పట్టదు.

అందుచేతనే నియమములు ఎల్.సి. తోనే ఆగలేదు. ఎల్.సి. పుచ్చుకొన్న తరువాత తీగెకు పరీక్షా సాధనము తాకించి చూడవలెను. ఆపైన ఎర్తు గొలుసు ఒక కొసను ముందుగా భూమికి కలిపి, తరువాత రెండవ కొసను తీగెకు తగిలించి, అప్పుడు పని మొదలిడవలెను. వెలుపలి నుండి వచ్చిన కబురు ఎంత నమ్మకమైనదైనను, తీగె తానే చెప్పు సాక్ష్యమును పుచ్చుకొనుట ఇందలి అంతరార్థము. స్కాట్లండు స్విచ్చి మూడు దశాబ్దములకు నేర్చిన పాఠమును, సబ్‌స్టేషను కాపలా స్వరము ఎడతెగక చెప్పుచున్న పాఠమును, మన లైన్‌మన్ ఎర్తు గొలుసు ప్రతి దినము పాటించుచున్నది. తొందరలో ఆ గొలుసు వేయక ఎక్కిన వారిని మందలించుట తేలిక. వారికి గొలుసును, చేతితొడుగులను, వేళను సరిగా సమకూర్చుట మన బాధ్యత.

శ్రోతల ఇండ్లలో కూడ దీనికి చిన్న ప్రతిరూపము ఉన్నది. ఫ్యాను తుడువబోవు ఇల్లాలు గాని, స్టార్టరు విప్పబోవు రైతు గాని స్విచ్చి ఆపితిమన్న మాటతోనే తృప్తిపడరాదు. మెయిను తీసి, టెస్టరు తాకించి చూడవలెను. కరెంటు లేని వేళ పనియని నమ్మరాదు. చెప్పకుండ వచ్చుట కరెంటు స్వభావము. తడిచేతితో స్టార్టరు ముట్టరాదు. పొలములో తెగిపడిన తీగె మౌనముగా పడియున్నంత మాత్రమున ప్రాణము లేనిదని తలచరాదు. దూరముగా నిలిచి సబ్‌స్టేషనుకు తెలుపవలెను.

మేము ఇప్పుడు పలికిన ఈ మాటలు కూడ ఒక వాహక తరంగముపై ఎక్కి మీ ఇండ్లకు వచ్చినవి. మీ రేడియో వెలుగుచున్నదో, ఆరియున్నదో మాకు తెలియదు. మీరు వ్రాయు ఉత్తరములే మాకు రసీదు. మార్టూరు నుండియో, మాచర్ల నుండియో ఒక కార్డు వచ్చి, “మీ ప్రసంగము విని మా వాడు ఎర్తు గొలుసు కొన్నాడు” అని చెప్పినచో, మా స్టూడియో తలుపుపైని ఎఱ్ఱ దీపము నిజముగా వెలిగినదని మేము నమ్ముదుము.